మా ఇంటి మొదటి కరెంటు దీపం

మా ఇంట్లో మొట్టమొదట వెలిగిన కరెంటు దీపం పైకప్పుకి వేలాడింది కాదు. అది తాత సైకిలు హ్యాండిలుకి ఉండేది. మా ఊరికి కరెంటు స్తంభాలు వచ్చేసరికి మా నాయన హైస్కూలు చదువుతుండాడు. అంతకు చాలా ఏళ్ళ ముందునుంచే మా వాకిట్లో ఒక బల్బు వెలిగేది. తాత గనిలో షిఫ్టు ముగించుకొని, చెరువు కట్ట దిగి, వేపచెట్టు దాటి వచ్చేదాకా వెలిగేది, వాకిట్లో సైకిలు ఆపగానే ఆరిపోయేది. బల్బు ఆరిందంటే తాత వచ్చినట్టు లెక్క. అప్పుడు అవ్వ లేచి సంగటి పెట్టేది.

మాది కోలారు జిల్లా, బంగారుపేట పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, గనికి పోతే తమిళం. మాకు తెలుగు అక్షరాలు నేర్పింది అవ్వ. మేము చదివింది కన్నడ మీడియం కాబట్టి రాతలో అక్కడక్కడా కన్నడ వాసన తగిలితే సర్దుకోండి. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి సైకిలు ఒకటి ఉండే ఉంటుంది. అది ఎందుకు వెలిగేదో, ఎందుకు వెలగకుండా పోయేదో రాసి పెట్టాలని మాకు అనిపించడానికి ఒక కారణముంది. పోయిన చలికాలం మా నాయన కొత్త కరెంటు సైకిలు మీద నుంచి చీకట్లో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. దానికి తర్వాత వస్తాం.

ముందు గని సంగతి. కె.జి.ఎఫ్. చుట్టుపక్కల పల్లెలకి ఇది వింతగానే ఉండేది. కావేరి మీద శివనసముద్రం దగ్గర జలవిద్యుత్తు కేంద్రం కట్టి, దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి, 1902లోనే బంగారు గనులకి కరెంటు ఇచ్చారు. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో. ఈ పని తలపెట్టిన మైసూరు దివాను శేషాద్రి అయ్యర్ 1901లోనే కాలం చేశారు, ఆ వెలుగు ఆయన చూడలేదు. గనికి వచ్చిన ఆ కరెంటు గని కాంపౌండు దాటి మా పల్లెకి రావడానికి మాత్రం రెండు తరాలు పట్టింది. తాత గని వర్క్‌షాపులో ఫిట్టరు. ఎనిమిది గంటలు కరెంటు మోటార్ల మధ్య పనిచేసి, తొమ్మిది మైళ్ళు తొక్కి, కిరసనాయిలు బుడ్డి వెలిగే ఇంటికి వచ్చేవాడు.

మొదట ఆయన సైకిలుకీ కిరసనాయిలు దీపమే. రాత్రిపూట దీపం లేకుండా పోతే పోలీసోడు ఆపి గాలి తీసేసేవాడంట. ఒక్కోసారి ఫైను. గాలి వీస్తే దీపం ఆరేది, గుంతలో పడితే ఆరేది. ఆరిన దీపం చూపించి "ఇప్పుడే ఆరింది దొరా, కావాలంటే గాజు పట్టి చూడండి, ఇంకా వేడిగానే ఉంది" అనడం ఆ కాలంలో అందరికీ తెలిసిన ఉపాయమని నాయన నవ్వుతూ చెప్తాడు. కార్బైడ్ దీపాలు కూడా ఉండేవి. గిన్నెలో కాల్షియం కార్బైడ్ రాళ్ళ మీద చుక్క చుక్కగా నీళ్ళు పడితే అసిటిలీన్ గ్యాసు పుట్టి తెల్లగా మండేది. వెలుగు బాగా వచ్చేది గానీ ఆ వాసన అవ్వకి పడేది కాదు.

డైనమో వచ్చింది హెర్క్యులీస్ సైకిలుతో. మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్ ఫ్యాక్టరీ పెట్టాక హెర్క్యులీస్ మన ఊళ్ళల్లోనే దొరకడం మొదలైంది. తాత సైకిలు కొన్న కొన్నాళ్ళకి రాబర్ట్‌సన్‌పేటలో డైనమో సెట్టు కొని వెనక చక్రానికి బిగించుకున్నాడు. సీసా ఆకారంలో ఉండే డైనమో, ముందు పెద్ద దీపం, వెనక ఎర్ర దీపం, ఒక్కో దీపానికి ఒక్కటే వైరు. ఇంటికొచ్చాక స్టాండు వేసి పెడల్ తిప్పితే బల్బు వెలిగేది. మా పెద్దత్త ఎస్సెస్సెల్సీ పరీక్షలకి ఆ వెలుగులో చదివింది. పెడల్ తిప్పింది మా నాయన, అప్పటికి చిన్నపిల్లోడు. ఆయన చేతులు నొప్పెట్టి ఆపితే చదువు ఆగిపోయేది. "లెక్కలు మాత్రం బుడ్డి దీపంలోనే చేసినాను, వీడు మధ్యలో తిప్పడం మానేస్తే కూడిక తప్పిపోతుంది" అని అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ సీసాలో ఏముందంటే ఒక అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట, అంతే. బళ్ళో మాకు దాన్ని విద్యుత్కాంతీయ ప్రేరణె అని చెప్పారు, ఫారడే 1831లో కనిపెట్టాడని పరీక్షలో రాశాం. అయస్కాంతానికి కన్నడంలో సూజిగల్లు అని ఇంకో పేరుంది. అవ్వ దాన్నే సూదంటురాయి అనేది. రెండింట్లోనూ సూదే, రాయే. తీగ చుట్ట దగ్గర సూదంటురాయి తిరుగుతుంటే తీగలో కరెంటు పుడుతుంది. శివనసముద్రంలో నీళ్ళు చేసే పనినే మా వాకిట్లో టైరు చేసేది. సైకిలు చక్రం ఒక చుట్టు తిరిగేలోగా డైనమో మీది చిన్న రోలరు ముప్పై చుట్ల దాకా తిరుగుతుంది. అందుకే ఆ "గుయ్" మనే చప్పుడు.

అన్నట్టు, దాని పేరే తప్పు. డైనమో అంటే అసలు ఒకే దిక్కున పారే కరెంటు, అంటే డీసీ ఇచ్చేది. సైకిలు మీదున్నది ఇచ్చేది అటూ ఇటూ మారే ఏసీ కరెంటు, దాన్ని ఆల్టర్నేటర్ అనాలి. పేరులో ఉన్న ఈ తప్పు మాకు ఒక సాయంత్రమంతా నష్టం చేసింది, ఆ సంగతీ చెప్తాం.

ఆ కాలపు సెట్టు లెక్క 6 వోల్టులు, 3 వాట్లు. ముందు బల్బు 2.4 వాట్లు, వెనకది 0.6. ఈ లెక్కలోనే ఒక చమత్కారం ఉంది. తొక్కే వేగం పెరిగితే వోల్టేజి పెరిగి బల్బు కాలిపోవాలి కదా? పూర్తిగా అలా జరగదు. కరెంటు ఎంత వేగంగా అటూ ఇటూ మారితే రాగి చుట్ట దాన్ని అంత ఎక్కువగా అడ్డుకుంటుంది. తోసే బలమూ పెరుగుతుంది, అడ్డూ పెరుగుతుంది. దాంతో ఎంత తొక్కినా కరెంటు అర ఆంపియర్ చుట్టుపక్కలే నిలుస్తుంది. ఏ చిప్పూ లేకుండా, ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా తనకి తానే హద్దు పెట్టుకుంటుంది. మాలో ఒకరం సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని చేస్తాం కాబట్టి ఇది చూసి కొంచెం సిగ్గుపడ్డాం కూడా.

కానీ ఆ అర ఆంపియర్‌ని రెండు బల్బులూ పంచుకోవాలి. ముందుది 0.4, వెనకది 0.1 తీసుకుంటుంది. వెనక బల్బు పోతే దాని వాటా కూడా ముందు బల్బు మీదే పడుతుంది. అది ఇంకా తెల్లగా వెలిగి తొందరగా చస్తుంది. ముందు బల్బు పోతే మరీ ఘోరం, అర ఆంపియర్ మొత్తం పాపం ఆ చిన్న ఎర్ర బల్బు మీద పడి క్షణంలో మాడిపోతుంది. తాత బయల్దేరే ముందు చక్రం ఒకసారి తిప్పి, ముందు దీపం చూడకుండా వెనక్కి వంగి వెనక దీపం చూసేవాడంట. "వెనకది పోతే ముందుది బతకదు" అనేవాడు. మా చిన్నప్పుడు ఇది ఏదో శకునం అనుకున్నాం. ఇప్పుడు లెక్క వేస్తే ఆయన మాట ఒక్క అక్షరం కూడా తప్పు కాదు.

ఇంకో అలవాటు. ప్రతి ఆయుధపూజకి సైకిలు కడిగి, కుంకుమ పెట్టే ముందు, చాకుతో డైనమో బిగించిన చోట ఒక మూల గీకేవాడు. ఎందుకో ఎవరూ అడగలేదు. ఒక్కో దీపానికి ఒక్కటే వైరు అన్నాం కదా, మరి కరెంటు తిరిగి వచ్చే దారి ఏది? సైకిలు ఇనుమే. డైనమో బిగించే పట్టీలో మొన ఉన్న చిన్న బోల్టు ఒకటి ఉంటుంది, అది పెయింటు చీల్చుకొని ఇనుముని కరుచుకోవాలి. అక్కడ తుప్పు పట్టినా, పెయింటు అడ్డుపడినా దారి తెగిపోతుంది, అన్నీ బాగున్నా దీపం వెలగదు. పాత డైనమో సైకిలు దీపం వెలగలేదంటే, బల్బు మార్చే ముందు చూడాల్సింది ఆ బోల్టునే.

1936లో ఇంగ్లండులో స్టర్మీ-ఆర్చర్ వాళ్ళు డైనమోని చక్రం ఇరుసులోనే పెట్టి డైనోహబ్ అని అమ్మారు. రోలరు జారడం ఉండదు, చప్పుడు ఉండదు. ఈ రకానివి 1990ల నుంచి జర్మనీలో మళ్ళీ బాగా మెరుగుపడ్డాయి. మా వాకిలి దాకా అవి రాలేదు. మా వాకిట్లో సీసా డైనమోనే ఉండింది, గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడేదాకా. అప్పటికి తాత లేడు. సైకిలు కొట్టంలోకి పోయింది. ఊరంతా మోపెడ్లు.

నాయనకి మోకాళ్ళు నొప్పులు మొదలైనాక మేమే పట్టుబట్టి కరెంటు సైకిలు కొనిచ్చాం. 250 వాట్ల మోటారు వెనక చక్రంలో, 36 వోల్టుల బ్యాటరీ, హ్యాండిలు మీద ఎల్.ఇ.డి. దీపం, గంటకి 25 కిలోమీటర్లు దాటదు. పొద్దున్నే నాలుగున్నరకి పాల డెయిరీకి క్యాను కట్టుకొని పోతాడు. ఏడాది బాగానే నడిచింది. పుష్యమాసం చలిలో ఒక తెల్లారుజామున కట్ట ఎక్కుతుండగా దీపం, మోటారు రెండూ ఒక్కసారే ఆరిపోయినాయి.

"ఉన్నట్టుండి కండ్లు పోయినట్టయింది రా. బ్రేకు పట్టినా, కట్ట అంచు యాడుందో తెలీలే" అన్నాడు ఆసుపత్రిలో. పాలు పోయినందుకే ఎక్కువ బాధపడ్డాడు. అమ్మ అయితే ఆ బండిని అదే రోజు అమ్మేయమంది.

అమ్మిన షాపులో చూపిస్తే "అన్నీ బాగున్నాయి" అన్నారు. నిజంగానే అన్నీ బాగున్నాయి. బ్యాటరీ ఒక గీత చూపిస్తోంది, దీపం వెలుగుతోంది. మా వృత్తిలో ఈ మాట రోజూ వింటాం, "మా దగ్గర రావట్లేదు" అని. తప్పు మళ్ళీ కనబడాలంటే అది మొదట కనబడిన పరిస్థితినే తేవాలి. అందుకే బ్యాటరీని అదే ఒక్క గీత దాకా వాడి, చల్లటి పొద్దున, క్యానులో నీళ్ళు నింపి, పగటి వెలుగు వచ్చాక అదే కట్ట ఎక్కించాం. మూడోసారి ఎక్కుతుండగా అన్నీ ఆరిపోయినాయి. దిగి నిలబడి స్విచ్చి ఆపి వేస్తే మళ్ళీ ఒక గీత.

సంగతి ఇది. 36 వోల్టుల బ్యాటరీ అంటే లోపల పది లిథియం సెల్లులు వరసగా. వాటి వోల్టేజి ఒక హద్దు కిందికి దిగితే సెల్లులు పాడవకుండా లోపలి కాపలా బోర్డు మొత్తం కోసేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు ఎక్కువ లాగుతుంది, చలికి సెల్లులు బిగుసుకొని ఉంటాయి, వోల్టేజి ఒక్కసారిగా కుంగుతుంది. బోర్డు తన పని తాను చేసింది. బ్యాటరీ బతికింది. మనిషి సంగతి ఆ బోర్డుకి ఎవరూ చెప్పలేదు. దీపానికి కావాల్సింది రెండు మూడు వాట్లు, ఆ బ్యాటరీలో అది గంటల తరబడి ఇచ్చేంత మిగిలే ఉంది. మోటారుకీ దీపానికీ ఒకే తలుపు పెట్టారు, అదే తప్పు.

ఇది అందరికీ తట్టని విషయమేమీ కాదు. జర్మనీలో 2013 దాకా సైకిలుకి డైనమో ఉండాలని చట్టమే ఉండేది, 11 కిలోల లోపు రేసు సైకిళ్ళకి తప్ప. కరెంటు సైకిళ్ళు వచ్చాక, బ్యాటరీతోనే దీపం వెలిగించుకోవచ్చు గానీ మోటారు ఆగిపోయినాక ఇంకా రెండు గంటలు దీపానికి సరిపడా మిగిలి ఉండాలని షరతు పెట్టారు. మా నాయన బండిలో ఆ రెండు గంటలు ఉంటే మేము ఇది రాసేవాళ్ళం కాదు.

కొట్టంలోంచి తాత డైనమో బయటికి తీసింది అప్పుడే. చాలామంది అడుగుతారు, డైనమో పెడితే బ్యాటరీ కూడా ఛార్జి అవుతుంది కదా అని. కాదు. 36 వోల్టులు, 7.5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 270 వాట్-అవర్లు. మూడు వాట్ల డైనమోతో అది నిండాలంటే ఏమీ వృథా కాకున్నా తొంభై గంటలు తొక్కాలి. పైగా ఆ మూడు వాట్ల కోసం కాళ్ళు ఎనిమిది, పది వాట్లు పెట్టాలి, మిగతాది రోలరు దగ్గర వేడిగా, చప్పుడుగా పోతుంది. మరి మోటారే డైనమోలా పనిచెయ్యదా అంటే, నాయన బండిలో ఉన్నది గేర్ల మోటారు. ముందుకి తొక్కేటప్పుడు లోపలి క్లచ్చి దాన్ని చక్రం నుంచి విడదీస్తుంది, అది తిరగదు.

కొత్త బండి ముందు ఫోర్కుకి పాత డైనమో బిగించి, చక్రం తిప్పి, మల్టీమీటరు పెట్టాం. సున్నా. అరవై ఏళ్ళ వస్తువు, అయస్కాంతం చచ్చిపోయుంటుందని తేల్చేశాం. సాయంత్రమంతా ఊడదీసి తుడిచాం. మళ్ళీ సున్నా. రాత్రి అన్నాల దగ్గర తట్టింది, మీటరు డీసీలో ఉంది. డైనమో అన్న పేరు నమ్మి డీసీలో పెట్టాం. ఏసీకి తిప్పితే ఇరవై వోల్టులు దాటింది. బల్బు లేకుండా కొలిస్తే అంత ఎక్కువే చూపిస్తుంది, దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. బల్బు తగిలించి కొలిస్తేనే అసలు సంగతి.

బల్బు తగిలిస్తే వెలగలేదు. తాత చాకు గుర్తొచ్చింది. బోల్టు కింద గీకాం, వెలిగింది, హ్యాండిలు తిప్పితే ఆరింది. దీపం హ్యాండిలు మీద, డైనమో ఫోర్కు మీద. తిరుగు కరెంటు మధ్యలో గ్రీజు పూసిన బేరింగుల గుండా రావాలి. తాత బండిలో ఎలా నెట్టుకొచ్చిందో గానీ, ఇక్కడ రెండో వైరు లాగేశాం, అయిపోయింది.

తర్వాత రోలరు జారడం. కరెంటు సైకిలు టైరు పక్కలు నున్నగా ఉన్నాయి. పాత సైకిలు టైర్ల పక్కన సన్నటి గీతలుంటాయి చూడండి, అవి అందం కోసం కాదు, డైనమో పట్టు కోసమే. అలాంటి టైరు వేశాం. రోలరు నిలువు గీత చక్రం నడిమికి, ఇరుసు వైపు సూటిగా చూడాలి. కొంచెం వాలినా టైరుని అరగదీస్తుంది. దారం పెట్టి సరిచూశాం.

రెండు తప్పులు చేశాం, మీరు చెయ్యకండి. ఒకటి, బండితో వచ్చిన ఎల్.ఇ.డి. దీపాన్నే డైనమోకి తగిలించాం. అది డీసీ దీపం. వణుకుతూ వెలిగి, రెండు నిమిషాల్లో పోయింది. డైనమోకి డైనమో దీపమే కొనాలి. అందులో ఏసీని సరిచేసే భాగం, ఎక్కువైతే తట్టుకునే భాగం ఉంటాయి. రెండోది ఇంకా ప్రమాదం. ఒకే దీపానికి బ్యాటరీ వైరూ డైనమో వైరూ రెండూ కలిపితే ఏది ఉంటే దానితో వెలుగుతుంది కదా అనుకున్నాం. డీసీ కరెంటు దృష్టిలో డైనమో అంటే ఊరికే కొద్ది ఓమ్‌ల రాగి తీగ. బ్యాటరీ కరెంటు దీపంలోకి పోకుండా ఆ తీగలోంచి పారింది. డైనమో చేతికి వేడిగా తగిలింది. వెంటనే పీకేశాం కాబట్టి తాత వస్తువు దక్కింది.

ఇప్పుడు రెండు దీపాలు, రెండు దారులు. బ్యాటరీ దీపం పైన, డైనమో దీపం కింద. డైనమో దీపంలో ఒక కెపాసిటర్ ఉంది. బండి ఆగినా కొన్ని నిమిషాలు సన్నగా వెలుగుతూనే ఉంటుంది. ఫిబ్రవరిలో నాయన చెయ్యి కూడాక, బ్యాటరీని కావాలనే ఒక్క గీత మీద పెట్టి, మా ఇద్దరం చెరో పక్క టార్చిలతో నిలబడి, తెల్లారుజామునే కట్ట ఎక్కించాం. పైదాకా రాకముందే మోటారు ఆగింది, పై దీపం ఆరింది. కింది దీపం ఆరలేదు. నాయన మెల్లగా తొక్కుకుంటూ కట్ట దిగిపోయినాడు.

వెనక ఎర్ర దీపం ఇంకా బ్యాటరీ మీదే ఉంది. దానికి డైనమో నుంచి వైరు లాగాల్సి ఉంది. అప్పటిదాకా పెద్ద రిఫ్లెక్టరు బిగించాం. అమ్మ బండి అమ్మే మాట మానేసింది గానీ, "గుయ్" మనే చప్పుడుకి వీధి కుక్కలు లేస్తున్నాయని ఇరుగుపొరుగు అంటున్నారు.

ఆయుధపూజ నాడు బండికి కుంకుమ పెట్టే ముందు నాయన చాకు తెచ్చి డైనమో బోల్టు దగ్గర కూర్చున్నాడు. "ఇప్పుడు రెండో వైరు ఉంది నాయనా, అక్కడ గీకనక్కర్లేదు" అన్నాం.

"తెలుసులే" అని గీకినాడు.